నచ్చిన పోర్ట్‌ఫోలియో పాత రూపాలు కూడా చూడండి

మంచి డిజైనర్ పోర్ట్‌ఫోలియో, అంటే తన పనులు చూపించే సైటు, కంటబడగానే స్క్రీన్‌షాట్ తీసి ఫోల్డర్‌లో పడేస్తాం. మళ్లీ ఆ ఫోల్డర్ తెరిచేదెప్పుడో! నాదైతే అచ్చం పాత సామాన్ల గదిలా తయారైంది. అందుకే ఇప్పుడు ఇంకో పని చేస్తున్నా.

నచ్చిన సైటు అడ్రసును వెబ్ పేజీల పాత కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి, మూడు నాలుగేళ్ల కిందటి రూపం తెరుస్తాను. 2001 నుంచి అందరికీ ఉచితంగా ఉన్న సాధనమే ఇది. అన్ని సైట్లూ దొరకవు, దొరికినవాటిలో బొమ్మలు కొన్ని విరిగిపోయి కనబడతాయి. అయినా పాత పేజీనీ కొత్త పేజీనీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు విషయం తెలుస్తుంది: ఆ మనిషి ఏం తీసేశారు? ఇరవై ప్రాజెక్టులు ఆరైతే, మిగిలిన ఆరు ఏవి? స్కిల్స్‌కి శాతాలు చూపే ఆ గీతలు (నాకు మొదటినుంచీ పడవు) మాయమయ్యాయా? పరిచయ వాక్యం పొట్టిదైందా?

రంగులు, ఫాంట్లు కావాలంటే బ్రౌజర్‌లో రైట్‌క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కితే చాలు, పేరూ సైజూ కనిపిస్తాయి. డిజైనర్లు తమ పనులు పెట్టే బిహాన్స్, డ్రిబుల్‌లలో మాత్రం పేజీ చట్రం ఆ వేదికదే కాబట్టి, ఈ పోలిక డిజైనర్ సొంత సైటు మీదే చేయండి.

చూసిన వెంటనే ట్యాబ్ మూసేసి, గుర్తున్నది పెన్సిల్‌తో గీయండి. సగం తప్పుగానే గుర్తుంటుంది. ఆ తప్పిన సగంలోనే మీ సొంత లేఅవుట్ మొదలవుతుంది.