చేనేత చీరల చిన్న వ్యాపారానికి సోషల్ మీడియాలో గిరాకీ తెచ్చుకోవడం, నిలబెట్టుకోవడం ఎలా?

పోచంపల్లిలోనో, మంగళగిరిలోనో, గద్వాలలోనో మగ్గం మీద నేసిన చీరలు తెచ్చి ఇంటి నుంచే అమ్ముతున్నవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. చాలామందిది ఒకటే వరస: ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవడం, రోజుకు పది ఫొటోలు పెట్టడం, ఫాలోవర్లు పెరగట్లేదని దిగులుపడటం. దిగులు పడాల్సింది దానికి కాదు. ఫొటో చూసి "ధర ఎంతండీ?" అని అడిగిన మనిషికి ఎప్పుడు, ఏమని జవాబిచ్చాం? చీర చేరాక తేడా వస్తే ఏం చేశాం? ఈ వ్యాపారం నిలిచేది వీటి మీదే. చూసి వెళ్లిపోయే వేలమంది కన్నా ఏటా శ్రావణానికి తిరిగొచ్చే వందమంది మేలు. కింద చెప్పేదంతా ఆ వందమందిని సంపాదించుకోవడం కోసమే. ఉదాహరణకు పోచంపల్లి ఇక్కత్‌ను, అంటే నూలుకే ముందు రంగులద్ది నేసే బట్టను, తీసుకున్నాను. పచ్చళ్లు, కొండపల్లి బొమ్మలు అమ్మేవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

1. ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకోండి

అన్నిచోట్లా ఉండాలని చూడకండి. ఒక మనిషి, ఒక ఫోన్‌తో నడిచే వ్యాపారానికి రెండు చాలు: చూపించడానికి ఇన్‌స్టాగ్రామ్, మాట్లాడటానికి వాట్సాప్ బిజినెస్. మీ దగ్గర కొనేవాళ్లలో పెద్ద వయసువాళ్లు ఎక్కువైతే ఇన్‌స్టాగ్రామ్ బదులు ఫేస్‌బుక్ గానీ యూట్యూబ్ గానీ ఎంచుకోండి. మనుషులు వచ్చి చూసుకునే గదో కొట్టో ఉంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా తెరవండి. డబ్బులేం కట్టక్కర్లేదు. మ్యాప్‌లో కనబడతారు, వచ్చి వెళ్లినవాళ్లు రివ్యూలు రాస్తారు.

ఇన్‌స్టాగ్రామ్‌లో మామూలు ఖాతాను బిజినెస్ ఖాతాగా మార్చుకోండి. అప్పుడే ఏ పోస్టును ఎంతమంది చూశారో, ఎంతమంది దాచుకున్నారో, ఎంతమంది ఇంకొకరికి పంపారో తెలుస్తుంది. చీరల విషయంలో లైకుల కన్నా ఆ చివరి రెండు లెక్కలే చూడాలి. కొనే ఉద్దేశం ఉన్నవాళ్లే దాచుకుంటారు, "ఇది ఎలా ఉంది?" అని అక్కకో చెల్లికో పంపుతారు.

2. వాట్సాప్ బిజినెస్‌ను సర్దుకోండి

వ్యాపారానికి వేరే నంబరు తీసుకోండి. ఇంటి ఫోన్ మీదే నడిపితే చుట్టాల గుడ్ మార్నింగుల మధ్య ఆర్డర్లు కనబడకుండా పోతాయి.

కేటలాగ్‌లో ఒక్కో చీరకూ ఒక కోడ్ నంబరు, ధర, బట్ట రకం, పొడవు, జాకెట్టు ముక్క ఉందో లేదో రాయండి. 500 వరకు పెట్టుకోవచ్చు గానీ అమ్ముడుపోయిన చీరను ఆ పూటే తీసేయండి. "అయ్యో, అది అయిపోయిందండీ" అని నాలుగుసార్లు విన్న మనిషి ఐదోసారి అడగదు.

లేబుళ్లను తప్పకుండా వాడండి. "అడిగారు", "డబ్బు రావాలి", "పంపాలి", "చేరింది" అని నాలుగు పెట్టుకుంటే ఎవరి పని ఎక్కడ ఆగిందో పొద్దున్నే తెలిసిపోతుంది. రోజూ అడిగే ప్రశ్నలకు, అంటే పార్సిల్ ఎన్నాళ్లకు చేరుతుంది, ఎలా ఉతకాలి, వెనక్కి తీసుకుంటారా అన్నవాటికి, క్విక్ రిప్లైలు రాసి ఉంచుకోండి. మీరు ఫోన్ చూడనప్పుడు దానంతటదే వెళ్లే మెసేజ్‌లో (Away message) మీరు ఎప్పుడు దొరుకుతారో చెప్పండి: "నమస్కారమండీ. రాత్రి 9 తర్వాత ఫోన్ చూడం. రేపు ఉదయం 10 లోపు తప్పకుండా జవాబిస్తాం. కావలసిన చీర కోడ్ పంపి ఉంచండి."

3. చీరను చేతిలో పట్టుకున్నట్టు చూపించండి

కొనేవాళ్లకు లేనిదల్లా బట్టను ముట్టుకునే వీలు. ఆ లోటును ఫొటో, వీడియో తీర్చాలి. కిటికీ పక్కన, పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా తీయండి. ట్యూబ్‌లైటు కింద తీస్తే నెమలికంఠం రంగు నీలంగా పడుతుంది, తర్వాత గొడవ దాని మీదే వస్తుంది. ఒక్కో చీరకు కొంగు, అంచు, ఒళ్లు, జాకెట్టు ముక్క విడివిడిగా చూపండి. మడతలో ఒకటి, కట్టుకుని ఒకటి తీయండి. రంగు పేరు కూడా రాయండి: చిలకాకుపచ్చ, వంకాయ రంగు, మామిడిపండు రంగు. ఫోన్ తెర రంగును మార్చినా ఈ పేరు మార్చదు.

ఇక్కత్ అమ్మేవాళ్లు చేయాల్సిన వీడియో ఒకటుంది. చీరను ఇటు చూపించి, అటు తిప్పి చూపించండి. ఇక్కత్‌లో ముందు నూలుకే రంగులద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. గీతల అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. బట్ట మీద అచ్చువేసిన ప్రింటును తిప్పితే సాధారణంగా రంగు వెలిసినట్టుంటుంది. పది సెకన్ల ఈ వీడియో చూసినవాళ్లకు మీ ధర ఎందుకు ఎక్కువో మీరు చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఇంకొంచెం ఓపిక ఉంటే మగ్గం దాకా వెళ్లండి. రంగు అంటకూడని చోట నూలుకు సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి కట్టడం, రంగులో ముంచి తీయడం, ఆరాక విప్పడం, పడుగు ఎక్కించడం, ఇవన్నీ జనం కళ్లార్పకుండా చూస్తారు. ఆసు పోయడాన్ని తప్పక చూపించండి. పోగును మేకుల చుట్టూ రోజంతా చేత్తో తిప్పే ఈ పనిని ఇళ్లల్లో ఆడవాళ్లే చేసేవారు, భుజాలు పడిపోయేవి. తల్లి పడే ఆ కష్టం చూడలేకనే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంత కథ ఉన్న బట్టను పట్టుకుని "బెస్ట్ క్వాలిటీ, లిమిటెడ్ స్టాక్" అని రాసి ఊరుకోవడం నాకు బాధగా ఉంటుంది. నేసినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు, ఊరు పెట్టండి. ఒప్పుకోకపోతే చేతులు మాత్రమే చూపించండి.

అన్నిటికన్నా ముఖ్యం, ప్రింటును ఇక్కత్ అని అమ్మకండి. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, అంటే ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. ప్రింటు చీర అమ్మడం తప్పు కాదు, "పోచంపల్లి డిజైన్ ప్రింటు" అని రాసి అమ్మితే చాలు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. జరిమానా సంగతి అటుంచినా, అలాంటి ప్రతి అమ్మకం మగ్గం ముందు కూర్చున్నవాళ్ల కూలికి గండి కొడుతుంది.

4. ధర దాచకండి

"ధర కోసం మెసేజ్ చేయండి" అని రాస్తే మెసేజ్‌లు పెరుగుతాయని ఒక నమ్మకం. పెరిగేవి మెసేజ్‌లే. అడగడానికి మొహమాటపడి ఊరుకునేవాళ్లు ఎంతమందో మీకు కనబడరు. మనిషిని బట్టి ధర చెబుతున్నారన్న అనుమానమూ వస్తుంది. పోస్టులోనే ధర రాయండి. పార్సిల్ ఖర్చు కలిపో వేరుగానో అదీ రాయండి.

5. జవాబిచ్చే తీరు

కామెంటులో అడిగితే కామెంటులోనే చెప్పండి, అదే సందేహం ఉన్న మిగతావాళ్లూ చదువుకుంటారు. అడ్రసు, డబ్బు, ఫోన్ నంబరు మాత్రం వాట్సాప్‌కు మార్చండి. వెంటనే చెప్పలేకపోతే "మధ్యాహ్నం చూసి చెబుతానండీ" అనైనా రాయండి. వాయిస్ మెసేజ్ పంపినవాళ్లకు వాయిస్‌లోనే జవాబిస్తే సంతోషిస్తారు. పెద్దవాళ్లకైతే అదే సుఖం. పేరు తెలిశాక "గారు" కలిపి పిలవండి. లైవ్‌లో అందరినీ అక్కా అని పిలిచినా పర్లేదు గానీ, డబ్బు మాటలు వచ్చినప్పుడు "మీరు", "అండీ" అంటేనే బాగుంటుంది.

6. తేడా వచ్చినప్పుడు

అసలు పరీక్ష ఇక్కడే. ఒకావిడ ఇలా రాశారనుకోండి: "ఫొటోలో ముదురాకుపచ్చ చూపించారు, నాకొచ్చింది చిలకాకుపచ్చ. ఇదేం మోసం?"

చాలామంది వెంటనే రాసే జవాబు: "మేడమ్, ఫోన్ లైటింగ్ వల్ల రంగు తేడా ఉంటుంది, ముందే చెప్పాం. నో రిటర్న్." అక్కడితో ఆవిడా పోయారు, ఆవిడ అపార్ట్‌మెంట్ గ్రూపూ పోయింది.

దానికి బదులు ఇలా రాయండి: "లక్ష్మిగారూ, మీరు ఆశపడి తెప్పించుకున్న రంగు రానందుకు క్షమించండి. పగటి వెలుతురులో ఒక ఫొటో తీసి పంపగలరా? మేం పంపేముందు తీసిన ఫొటోతో పక్కపక్కన పెట్టి చూస్తాను. తేడా మా వల్లే అయితే పార్సిల్ ఖర్చు మేమే పెట్టుకుని మార్చి ఇస్తాం. సాయంత్రంలోపు చెబుతాను." సాయంత్రం అన్నారు కాబట్టి సాయంత్రమే చెప్పాలి.

ఇలా మాట్లాడాలంటే ముందే రెండు పనులు జరిగి ఉండాలి. ఒకటి, పార్సిల్ కట్టేముందు చీర మొత్తం విప్పి వీడియో తీసి, కోడ్ నంబరుతో దాచుకోవడం. రెండోది, ఎప్పుడు మారుస్తారో, ఎప్పుడు మార్చరో తేటగా రాసి ఖాతా పైనే పెట్టడం. చేనేతలో పోగు ముడి, చిన్న గీత సహజమే, కానీ ఆ మాట అమ్మకముందు చెబితేనే వింటారు, అమ్మాక చెబితే సాకు అనుకుంటారు. ఇక్కత్ నూలు చీర మొదటి ఉతుకులో కొంచెం రంగు వదలొచ్చు, విడిగా చల్లటి నీళ్లలో తడపాలన్న చీటీ పార్సిల్లోనే పెట్టండి.

ఫిర్యాదును బయట కామెంటులో రాస్తే చెరిపేయకండి. అక్కడే మర్యాదగా ఒక జవాబిచ్చి మిగతాది వాట్సాప్‌లో మాట్లాడండి. సంగతి తేలాక మళ్లీ ఆ కామెంటు కిందే "మార్చి పంపామండీ" అని రాయండి. కొత్తవాళ్లు మంచి రివ్యూల కన్నా దీన్నే శ్రద్ధగా చదువుతారు. 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని ఉంది. చిన్న వ్యాపారికి 48 గంటలు చాలా ఎక్కువ, అదే రోజు పలకండి.

7. పండగల లెక్క ముందే వేసుకోండి

వరలక్ష్మీ వ్రతానికి చీర కొనేవాళ్లు ఆషాఢంలోనే వెతకడం మొదలుపెడతారు. ఆషాఢంలో పెద్ద షాపులతో పోటీపడి ధరలు తగ్గించకండి, ఆ తగ్గింపు చివరికి నేతగాళ్ల మీదే పడుతుంది. ఆ నెలను కొత్త సరుకు చూపించడానికి వాడుకోండి. పెళ్లి పట్టుచీర చెప్పి నేయించాలంటే వారాలు పడుతుంది కాబట్టి ముహూర్తాలకు చాలా ముందే "ఇప్పుడు చెబితే ఫలానా తేదీకి అందుతుంది" అని పోస్టు పెట్టండి.

అమెరికాలో బతుకమ్మ ఆడే మనవాళ్లకు ఇంకా ముందుగా చెప్పాలి. అక్కడికి పంపే చిన్న పార్సిళ్లకు 800 డాలర్ల వరకు ఉండిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. ఆ సుంకం ఎవరు కట్టాలో ఆర్డరు తీసుకునేటప్పుడే తేల్చండి. పార్సిల్ గుమ్మం దాకా వెళ్లాక తేల్చుకోవాల్సిన విషయం కాదిది.

8. పాతవాళ్లను పలకరించండి

ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకే మొదటి ఆర్డరప్పుడే "కొత్త చీరలు వచ్చినప్పుడు చెప్పమంటారా? అయితే మా నంబరు సేవ్ చేసుకోండి" అని అడగండి. వద్దంటే పంపకండి. అడగకుండా గ్రూపులో చేర్చడం అసలే వద్దు, ఒకరి నంబరు ఇంకొకరికి కనబడుతుంది.

నెలకు రెండు మూడు మెసేజ్‌లు చాలు. ఒక్కొక్కరికీ విడిగా రాసే మాట ఇంకా బాగా పనిచేస్తుంది: "పద్మగారూ, పోయినసారి మీరు అడిగిన ఎర్రంచు తెల్ల చీర ఇవాళ మగ్గం దిగింది, ముందు మీకే చూపిస్తున్నాను." ఇది రాయాలంటే ఎవరికి ఏది నచ్చిందో రాసుకుని ఉండాలి.

9. డబ్బు పెట్టి చేసే ప్రకటనలు

జవాబిచ్చే పద్ధతి కుదిరాకే ఇటు రండి. బాగా నడిచిన పోస్టునే తీసుకుని, ఒకటి రెండు ఊళ్లకే పరిమితం చేసి, నొక్కితే నేరుగా మీ వాట్సాప్ తెరుచుకునేలా చిన్న మొత్తంతో ప్రకటన ఇవ్వండి. ఇన్‌ఫ్లూయెన్సర్‌కు డబ్బో చీరో ఇస్తే అది ప్రకటన అని వీడియోలో చెప్పించాలి, నియమమూ అదే. కొన్న ఫాలోవర్లు, రాయించిన రివ్యూల జోలికి పోకండి.

10. ఖాతా జాగ్రత్త, నోటు పుస్తకం

డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ పంపితే నమ్మకండి, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూశాకే పార్సిల్ కట్టండి. మనకు డబ్బు రావడానికి క్యూఆర్ స్కాన్ చేయడం, పిన్ కొట్టడం అక్కర్లేదు, అలా చేయమన్నారంటే మోసమే. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ (ఖాతా తెరవడానికి ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి.

ఇక నోటు పుస్తకం. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు దాని మీదే ఆధారపడినవాళ్లకు చూసేవాళ్లంతా ఒక్కసారిగా దూరమయ్యారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. కాబట్టి కొన్నవాళ్ల పేరు, నంబరు, ఊరు, ఏ చీర, ఎంతకు, మిమ్మల్ని ఎక్కడ చూశారు అన్నవి మీ దగ్గర విడిగా రాసి ఉండాలి. అది నోటు పుస్తకమైనా, ఎక్సెల్ షీటైనా భద్రంగా పెట్టండి, ఎవరికీ ఇవ్వకండి.

నెలాఖరున అది తెరిచి మూడు విషయాలు చూడండి: కొత్తవాళ్లు ఎటు నుంచి వచ్చారు, రెండోసారి కొన్నవాళ్లు ఎందరు, ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఏది. ఆ ప్రశ్నకు జవాబే వచ్చే నెల మీ మొదటి వీడియో.