మెనీ, మచ్ గొడవ ఇలా తీరింది

ఆఫీసు మెయిల్ రాస్తూ మెనీనా, మచ్‌నా అని ఆగిపోయే టెన్షన్‌ని నాకు ఒక్క పరీక్ష తీర్చింది. మెనీ, మచ్‌ల తర్వాత వచ్చే మాట ముందు ‘టూ’ (రెండు) పెట్టి చూడటం. ‘టూ చైర్స్’ కుదురుతుంది, కాబట్టి మెనీ చైర్స్, ఫ్యూ చైర్స్. ‘టూ ఫర్నిచర్’ కుదరదు, అక్కడ మచ్, లిటిల్.

చిక్కంతా లెక్కపెట్టగలిగినట్టే కనిపించేవాటితో. లగేజ్, ఎక్విప్‌మెంట్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్: వీటికి చివర ‘ఎస్’ చేరదు. మన షాపుల బోర్డుల మీదే ‘ఫర్నిచర్స్’ అని ఉంటుంది, ఇక చెవికి తప్పనిపించేదెలా? లెక్క చెప్పాలంటే ‘టూ పీసెస్ ఆఫ్ లగేజ్’ అనాలి. డబ్బు సంగతి మరీ విచిత్రం. రూపాయలకు హౌ మెనీ, మనీకి హౌ మచ్.

అసలు జాగ్రత్త పడాల్సింది ‘ఎ’ దగ్గర. ‘ఐ హావ్ ఎ ఫ్యూ డౌట్స్’ అంటే కొన్ని సందేహాలున్నాయని. ‘ఎ’ తీసేస్తే దాదాపు లేవని. అలా మెయిల్ వెళ్తే అవతలివాళ్ళు మీటింగే ఎత్తేస్తారు! ఎ లిటిల్, లిటిల్‌కూ ఇదే తేడా.

ఎటూ తేలకపోతే ‘ఎ లాట్ ఆఫ్’ రాసేస్తాను, రెండింటికీ సరిపోతుంది. ‘ఇంతకంటే తక్కువ’ అనాలంటే లెక్కపెట్టేవాటికి ఫ్యూయర్, మిగతావాటికి లెస్. దీనికి ఒక్క మినహాయింపు గుర్తుపెట్టుకున్నాను: దూరం, సమయం, డబ్బు అంకెల్లో చెప్పినా ఫ్యూయర్ కాదు, ‘లెస్ దాన్ ఫైవ్ కిలోమీటర్స్’ అనే అంటారు.