పక్కింట్లో హోటల్, మీ గేటు ముందు బళ్లు: ఫిర్యాదు ఎలా చేయాలి?

నిన్నటిదాకా కాపురం ఉన్న ఇల్లు ఈరోజు హోటల్ అయింది. వారం తిరగకముందే మీ గేటుకు అడ్డంగా బైకులు నిలిచాయి. ఎవరైనా ముందు ట్రాఫిక్ పోలీసులకే ఫోను చేస్తారు. వాళ్లు వచ్చి నాలుగు చలాన్లు రాసి వెళ్తారు. సాయంత్రానికి మళ్లీ అదే వరుస. నన్నడిగితే చూడవలసింది రోడ్డును కాదు, ఆ భవనం సెల్లార్‌ను, అంటే కింద బళ్లు పెట్టడానికి చూపిన అంతస్తును. హైదరాబాద్‌ను ఉదాహరణగా తీసుకుని చెబుతున్నాను. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోనూ దారి దాదాపు ఇదే.

మొదట మీ వీధి ఏ జోన్‌లో ఉందో, అంటే నివాసానికి కేటాయించారో వ్యాపారానికి కేటాయించారో, తెలుసుకోండి. హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ తయారుచేసిన మాస్టర్ ప్లాన్ పటాల్లో ఒక్కో జోన్‌కు ఒక్కో రంగు ఉంటుంది. పక్కనున్న సూచికతో సరిచూసుకోండి. నివాస జోన్ అని తేలగానే గెలిచామనుకోకండి. కిరాణా కొట్టు, చిన్న క్లినిక్ లాంటివి నివాస జోన్‌లోనూ ఉండవచ్చు. కొన్ని రోడ్లను ప్రభుత్వమే వాణిజ్య రోడ్లుగా ప్రకటించి, ఇంపాక్ట్ ఫీజు అనే అదనపు రుసుము తీసుకుని వ్యాపారాలను అనుమతించింది కూడా. చాలా అనుమతులు రోడ్డు వెడల్పు మీదే ఆధారపడతాయి కాబట్టి ఒక ఆదివారం ఉదయం టేపు పట్టుకుని కొలవండి. ఆ కొలతలో మీ ఇంటి ర్యాంపు, పూలకుండీలు కూడా రోడ్డు మీదికి వచ్చినట్లు తేలితే ముందు వాటిని తీసేయండి. అవతలివాళ్లు మొదట ఫొటో తీసేది వాటినే.

తరువాతిది అసలు పని. సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్‌కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు అనుమతి ఇచ్చారు?" అని అడిగితే ఏ జవాబూ రాదు. కాగితాలు అడగండి: ఆమోదించిన ప్లాన్ నకలు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయ్యాక వాడుకోవడానికి ఇచ్చే పత్రం), ట్రేడ్ లైసెన్సు (వ్యాపార అనుమతి). నకళ్లు ఇవ్వడానికి తటపటాయిస్తే ఫైలు పరిశీలించే అవకాశం కోరండి. అది కూడా మీ హక్కే. జవాబు రాకపోయినా, సగం సగం వచ్చినా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయండి.

ప్లాన్ చేతికి వచ్చాక దానిలో పార్కింగ్ ఎక్కడ చూపించారో వెతకండి. తెలంగాణలో 2012 నాటి జీవో 168, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నియమాలు ఎవరి పార్కింగ్ వాళ్ల స్థలంలోనే ఉండాలంటాయి. కాగితం మీద కార్లు నిలిచే చోట వంటగదో గోదామో కనిపిస్తే మీ ఫిర్యాదుకు వెన్నెముక దొరికినట్లే. రోడ్డు మీద నిలబడి, తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి. లోపలికి వెళ్లి గొడవ పడవద్దు.

ఫిర్యాదు ఒక్క పేజీ చాలు. "నివాస ప్లాన్‌తో కట్టిన భవనంలో హోటల్ నడుపుతున్నారు, పార్కింగ్‌గా చూపిన సెల్లార్‌ను వంటగదిగా వాడుతున్నారు, ప్లాన్ నకలు, ఫొటోలు జతచేశాను" అని రాసి సర్కిల్ కార్యాలయంలోని టౌన్ ప్లానింగ్ విభాగానికి ఇవ్వండి. ట్రేడ్ లైసెన్సు చూసే విభాగానికి ఒక ప్రతి. పది ఇళ్లవాళ్లు సంతకాలు పెడితే మరీ మంచిది. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇస్తే రసీదు అడిగి తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇవ్వనట్లే లెక్క.

నో పార్కింగ్ బోర్డు, ఒకవైపే పార్కింగ్ లాంటివి కావాలంటే ట్రాఫిక్ పోలీసులకు విడిగా అర్జీ పెట్టాలి. పక్కన మాల్ ఉంటే మరో మాట: 2018 నుంచి తెలంగాణ మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు, ఏదైనా బిల్లు చూపిస్తే గంట వరకూ పార్కింగ్ ఉచితం. ఇది తెలియక మీ వీధిలో బండి పెట్టేవాళ్లూ ఉంటారు. గోడకు ఒక కాగితం అంటిస్తే కొందరైనా తగ్గుతారు.

ఇంకా హోటల్ రాలేదు, స్థల వినియోగ మార్పిడికి (నివాస స్థలాన్ని వాణిజ్య స్థలంగా మార్చడం లాంటిది) దరఖాస్తు మాత్రమే పెట్టారంటే మీకు అదృష్టమే. అభ్యంతరాలు కోరుతూ ప్రకటన వస్తుంది; గడువు సాధారణంగా 15 రోజులు. ఆ ప్రకటనలు పత్రికల్లో చిన్న అక్షరాలతో, వీధి పేరుకు బదులు సర్వే నంబరుతో వస్తాయి. మీ వీధి సర్వే నంబరు ఇంటి దస్తావేజులో ఉంటుంది. ఇప్పుడే ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి.