నాలుగో లైన్ ఆటగాళ్లు అలగకుండా టీమ్ నడపడం ఎలా?

ఐస్ హాకీ మేనేజర్ గేములు, అంటే టీమ్‌ను మనమే నడిపే కంప్యూటర్ గేములు ఆడేవాళ్లలో ఎక్కువమంది మొదటి లైన్ దగ్గరే గంటలు గడిపేస్తారు. లైన్ అంటే కలిసి ఐస్ మీదికి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు: మధ్యలో సెంటర్, చెరోవైపు వింగర్. స్టార్ సెంటర్ పక్కన ఏ వింగర్ బాగుంటాడు, పవర్ ప్లేలో (అవతలివాడు పెనాల్టీతో బయట ఉన్నప్పుడు) షాట్ ఎవరు కొట్టాలి, ఎంతసేపూ ఇదే ధ్యాస. నాలుగో లైన్ మాత్రం ఆటో బటన్‌కు వదిలేస్తారు. సీజన్ సగానికి వచ్చేసరికి అడుగున ఉన్న ముగ్గురు నలుగురి మోరేల్ (ఉత్సాహం) పడిపోతుంది, ఒకడు వేరే టీమ్‌కు ట్రేడ్ కావాలంటాడు. అప్పుడు గేమ్‌లో బగ్ ఉందని గోల. బగ్గూ లేదు, ఏమీ లేదు. వాడికి ఏం చెప్పి తెచ్చారో, ఇప్పుడు ఏం చేయిస్తున్నారో ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి. వాడు అలిగేది ఐస్ టైమ్ (ఆడే సమయం) తక్కువైనందుకు కాదు, చెప్పినదానికంటే తక్కువైనందుకు.

ఈస్ట్‌సైడ్ హాకీ మేనేజర్ అయినా, ఫ్రాంచైజ్ హాకీ మేనేజర్ అయినా స్క్రీన్లు వేరే తప్ప పద్ధతి ఇదే. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రధాన హాకీ లీగ్) టీమ్ తీసుకున్నారనుకుని చెబుతున్నాను.

1. తలలు లెక్కపెట్టండి. రోస్టర్‌లో (టీమ్ జాబితాలో) 23 మంది దాకా ఉండొచ్చు. మ్యాచ్‌కు దిగేది 20 మంది: 18 మంది స్కేటర్లు, ఇద్దరు గోలీలు. 13 మంది ఫార్వర్డ్‌లు, ఏడుగురు డిఫెన్స్‌మెన్, ఇద్దరు గోలీలు చాలు. 23వ చోటు ఖాళీగా వదలండి. పద్నాలుగో ఫార్వర్డ్‌ను పెట్టుకోవడమంటే నెలనెలా జీతమిచ్చి ఒక ఫిర్యాదును పోషించడమే. ఎవరికైనా దెబ్బ తగిలితే ఏహెచ్‌ఎల్ (ఎన్‌హెచ్‌ఎల్ కింది లీగ్) నుంచి పిలిపించుకోవచ్చు.

2. తక్కువ చెప్పి తీసుకోండి. కాంట్రాక్ట్ మాట్లాడేటప్పుడు రోల్ అడిగే గేముల్లో, మూడో లైన్‌కు సరిపోయేవాడికి నాలుగో లైన్ అనే చెప్పండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, అలాంటివాళ్లు మార్కెట్లో బోలెడుమంది.

3. చిన్నదైనా సొంత పని ఇవ్వండి. 60 నిమిషాల మ్యాచ్‌లో నాలుగో లైన్‌కు దక్కేది పది నిమిషాలకు అటూ ఇటూ. ఫేసాఫ్‌లు (ఆట మొదలుపెట్టేటప్పుడు పక్ కోసం జరిగే పోటీ) గెలిచే సెంటర్, పరిగెత్తి ప్రత్యర్థిని ఢీకొట్టి చెక్ చేసే ఇద్దరు వింగర్లు, అంతే. వాళ్లలో ఇద్దరిని పెనాల్టీ కిల్‌లో (మనవాడు పెనాల్టీతో బయట ఉన్నప్పుడు గోల్ పడకుండా కాచే పనిలో) వేయండి. ఐస్ టైమ్ పెరుగుతుంది, స్టార్లకూ కాస్త ఊపిరి దొరుకుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి మాత్రం ఇక్కడ పెట్టకండి. వాడికి ఇక్కడ ఎనిమిది నిమిషాలకంటే ఏహెచ్‌ఎల్‌లో మొదటి లైన్ మేలు. కొట్లాటలకని ఒకణ్ణి పెట్టుకోవడం కొందరికి సరదా. స్కేటింగ్ రానివాడు నా టీమ్‌లో ఉండడు, మీ టీమ్‌లోనూ ఉండకూడదు.

4. కూర్చోబెట్టడం, కిందికి పంపడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

పదమూడో ఫార్వర్డ్, ఏడో డిఫెన్స్‌మన్ అని ఇద్దరిని శాశ్వతంగా పక్కన పడేయకండి. 11, 12, 13 స్థానాల ముగ్గురినీ ఒక గుంపుగా చూసి వంతులు వేయండి. డిఫెన్స్‌లో 6, 7 స్థానాలకూ అంతే. ఎవరూ వరసగా మూడు మ్యాచ్‌లకు మించి కూర్చోకూడదు. మార్చడానికి మంచి సమయం వరస రోజుల్లో రెండు మ్యాచ్‌లు పడినప్పుడు. రెండో రోజు ఎలాగూ కాళ్లు లాగుతుంటాయి, కొత్తవాడు దిగితే టీమ్‌కే లాభం. ముందు రోజు గోల్ కొట్టినవాణ్ణి మాత్రం కూర్చోబెట్టకండి, వాడి వంతే అయినా సరే. నాలుగో లైన్ సెంటర్‌ను ఈ వంతుల్లోకి అసలు లాగకండి. వాడు మారితే ఆ లైన్ కెమిస్ట్రీ మళ్లీ మొదటికొస్తుంది.

వంతులెందుకు, పొగడ్త బటన్ నొక్కితే పోలేదా అనేవాళ్లున్నారు. పని లేకుండా పొగిడితే ఎన్నాళ్లు నమ్ముతాడు? రెండు వారాల్లో మోరేల్ మళ్లీ కిందికే. పొగడ్తను పెనాల్టీ కిల్ బాగా జరిగిన మర్నాటికి దాచుకోండి.

ఇక వేవర్స్. అనుభవమున్న ఆటగాణ్ణి ఏహెచ్‌ఎల్‌కు పంపాలంటే ముందు వేవర్స్ మీద పెట్టాలి, అంటే మిగతా టీమ్‌లన్నిటి ముందూ ఉంచాలి. 24 గంటల్లో ఏ టీమైనా ఊరికే ఎత్తుకుపోవచ్చు. పోటీ పడితే స్టాండింగ్స్‌లో కింద ఉన్న టీమ్‌కే ముందు హక్కు. 18 ఏళ్లకే సంతకం చేసిన స్కేటర్‌కు ఐదేళ్లో 160 మ్యాచ్‌లో, ఏది ముందొస్తే అప్పటిదాకా ఈ బాధ లేదు. అందుకే కుర్రాళ్ల మ్యాచ్‌ల లెక్క ఎక్కడో రాసిపెట్టుకోండి. 155 దాటిన కుర్రాణ్ణి కిందికి పంపే ఆలోచన ఉంటే ఆ వారమే పంపేయాలి, తర్వాత చూద్దామంటే చేజారిపోతాడు.

పెద్దవాళ్లను పంపాల్సివస్తే ట్రైనింగ్ క్యాంప్ చివర్లో పంపండి. అప్పుడు అన్ని టీమ్‌లూ మనుషుల్ని తగ్గించుకునే పనిలోనే ఉంటాయి, మీవాడి మీద ఎవరి కన్నూ పడదు. సీజన్ మధ్యలో పెడితే, గాయాలతో ఖాళీ అయిన టీమ్ ఏదో ఒకటి కాచుకుని ఉంటుంది. వేవర్స్ దాటినవాణ్ణి (ఎవరూ ఎత్తుకోనివాణ్ణి) మళ్లీ పిలిపించాక కూడా ఊరట ఉంది. రోస్టర్‌లో మొత్తం 30 రోజులు గానీ, 10 మ్యాచ్‌లు గానీ పూర్తికాకముందే తిరిగి పంపితే కొత్తగా వేవర్స్ అక్కర్లేదు. ఆ రోజులు విడతలుగా వచ్చినా కలిపే లెక్కేస్తారు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

పిలిపించినవాణ్ణి ఆడించండి. పైకి తెచ్చి ప్రెస్ బాక్స్‌లో కూర్చోబెడితే వాడి మోరేల్ పోతుంది, కింద ఏహెచ్‌ఎల్ టీమ్‌కూ మనిషి కరువు.

5. నెలకోసారి చూసుకోండి. అడుగున ఉన్న ఆరుగురి ఐస్ టైమ్, మోరేల్ చూడండి. ఒక్కడే దిగులుగా ఉంటే వంతు మార్చండి. ముగ్గురు దిగులుగా ఉంటే రోస్టర్‌లో మనుషులు ఎక్కువైనట్టు, ఒకణ్ణి ట్రేడ్ చేయండి. బదులుగా కింది రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే హక్కు) వచ్చినా పుచ్చుకోండి, బేరాలు వద్దు.

ట్రేడ్ డెడ్‌లైన్ (ట్రేడ్‌లకు ఆఖరి గడువు) దాటాక 23 మంది పరిమితి ఉండదు. అలాగని అరడజను మందిని పైకి లాక్కోకండి. ఒక సెంటర్, ఒక డిఫెన్స్‌మన్ చాలు. ప్లేఆఫ్స్ మొదలవగానే వంతులు ఆపి, గెలుస్తున్నన్నాళ్లూ అదే జట్టును దింపండి. ఓడిన మర్నాడు మార్పు కావాలంటే ఆ 11, 12, 13 దగ్గరే చేయండి.