గర్భంలో షుగర్: రెండో పరీక్ష మానకండి

ఒడిశాలో పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో నేను ఆశా కార్యకర్తని, తెలుగువాళ్లకి కూడా ఆశా దీదీనే. మమతా దివస్‌కి, అంటే ఊళ్లో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే రోజుకి వచ్చిన గర్భిణులు షుగర్ పరీక్ష గురించి మొదట అడిగేది, "పరగడుపున ఉండాలా దీదీ?" అని. అక్కర్లేదు. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. అయిదు, పది నిమిషాల్లో తాగెయ్యాలి. రెండు గంటలకి రక్తం తీస్తారు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భంలో షుగర్ ఉన్నట్టు. తాగిన అరగంటలోపు వాంతి అయితే సిస్టర్‌కి చెప్పండి, మర్నాడు మళ్లీ చేస్తారు.

ఈ పరీక్ష రెండుసార్లు. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకటి, అప్పుడు బాగుంటే 24 నుంచి 28 వారాల మధ్య మరొకటి. చాలామంది రెండోది ఎగ్గొడతారు. "మొన్న చేశారుగా, ఏం లేదన్నారు" అంటారు అత్తగార్లు. నెలలు నిండేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని ఎక్కువగా అడ్డుకుంటాయి. అందుకే మూడో నెలలో లేని షుగర్ ఆరో నెలలో బయటపడొచ్చు. అప్పటికి పుట్టింట్లో ఉంటే గర్భిణీ కార్డు పట్టుకెళ్లి ఆంధ్రా వైపు పాతపట్నంలోనో టెక్కలిలోనో చేయించుకోండి.

షుగర్ ఉందనగానే కొందరు కోడలికి అన్నం మాన్పించేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. కడుపు మాడిస్తే బిడ్డ ఎలా ఎదుగుతుంది? మూడు పూటలా తినాలి, మధ్యలో రెండు మూడుసార్లు కొంచెం కొంచెం. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, ఆకుకూర పెంచండి. చోడి (రాగి) అంబలి మంచిదే కదా అని చెంబులకొద్దీ తాగేవాళ్లున్నారు. చోళ్లలోనూ ఉన్నది పిండిపదార్థమే. ఒక గ్లాసు తాగి, పక్కన ఉడికించిన శనగలు తినండి. పఖాళకీ (నీళ్లలో నానబెట్టిన అన్నం) ఇదే లెక్క. ఛెనా పోడ అనే పన్నీరు మిఠాయి సంగతి మాత్రం నన్నడక్కండి. డాక్టరు వద్దనకపోతే తిన్నాక కాసేపు నడవండి.

రెండు వారాలు ఇలా తిన్నాక, భోజనమైన రెండు గంటలకి షుగర్ చూస్తారు. 120 లోపుంటే అదే తిండి కొనసాగించాలి. లేదంటే మెట్‌ఫార్మిన్ గానీ ఇన్సులిన్ గానీ మొదలుపెడతారు. జన్మంతా పొడుచుకోవాలేమోనని టెన్షన్ పడతారు గానీ, చాలామందికి కాన్పుతో ఆపేస్తారు. బిడ్డకి హాని చేసేది సూది కాదు, తగ్గని షుగర్. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి షుగర్ మరీ పడిపోయి చెమటలు పట్టి చేతులు వణికితే, గ్లాసు నీళ్లలో మూడు చెంచాల గ్లూకోజు కలిపి వెంటనే తాగాలి. పావుగంటకి కుదుటపడితే ఏదైనా తినండి, లేకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ కదలికలు తగ్గితే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

కాన్పు ఆసుపత్రిలోనే. పుట్టిన బిడ్డకి షుగర్ పడిపోవచ్చు, గంటలోపే తల్లిపాలు పట్టండి. ఆరు వారాలకి తల్లికి మళ్లీ పరీక్ష చేస్తారు, దీనికి మాత్రం ఏమీ తినకుండా వెళ్లాలి. బిడ్డ టీకా కూడా ఆ వారంలోనే పడుతుంది. ఫలితం మామూలుగా వచ్చినా ఏడాదికోసారి షుగర్ చూపించుకోండి, మళ్లీ గర్భం అనుకునే ముందు కూడా.