గోదావరి చెమ్మలో డకోటా: 1/72 నమూనా కట్టే పద్ధతి

ప్లాస్టిక్ కిట్టుతో మొదటిసారి రెండింజన్ల పంకా విమానం నమూనా కట్టేవాళ్లకు డకోటాను మించినది లేదు. 1935 డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరిన డీసీ-3కి సైనిక రూపం సి-47, దాని మరో పేరే డకోటా. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో మన జవాన్లను దింపినవీ డకోటాలే. అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకు సుమారు 29 మీటర్లు. 1/72 స్కేలులో, అంటే అసలుకు డెబ్బై రెండో వంతులో, 40 సెంటీమీటర్లు వస్తుంది, బీరువా మీద పడుతుంది. 1/48 అయితే 60 దాటుతుంది, ఇంట్లో వాళ్లతో గొడవే. ఇంకో సౌలభ్యం ఉంది: ముక్కు కింద చక్రం ఉన్న విమానాలకు లోపల బరువు పెట్టడం మరిస్తే తోక మీద చతికిలబడతాయి. డకోటాది తోకచక్రం కాబట్టి ఆ బాధ లేదు.

అమలాపురం, నరసాపురం, భీమవరం వైపు కట్టేవాళ్లకు కిట్టు పెట్టెలోని సూచనల కాగితం చెప్పని చిక్కు ఒకటుంది, తేమ. కాలువ పక్క ఇంట్లో, ముసురు రోజున కొట్టిన రంగు పాడైతే తప్పు రంగుది కాదు. అందుకే బ్రష్షుల కన్నా ముందు తేమ కొలిచే చిన్న మీటరు కొనండి. 65 శాతం లోపు ఉంటేనే రంగు పని. వానాకాలంలో కోతలు, అతుకులు, సానలు ముగించి, రంగులు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యకు దాచుకోవడం మేలు. ఆ నెలల్లోనూ మంచు పట్టిన పొద్దుటిపూట వద్దు, ఎండెక్కాక పదకొండు నుంచి రెండు దాకా చాలు.

ముందుగా ముక్కలు అంటుకుని ఉన్న ప్లాస్టిక్ ఫ్రేములను గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి కడగండి. అచ్చు నుంచి అంటిన నూనె పోకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది. ముక్కను సైడ్ కట్టరుతో రెండు కోతల్లో తీయాలి: మొదటిది దూరంగా, రెండోది దగ్గరగా. ఒక్క కోతలో తీస్తే ప్లాస్టిక్ తెల్లబారి అంచు ఊడివస్తుంది. ముక్క అంచున మిగిలిన మొటిమను బ్లేడుతో గీకి, 400 నుంచి 1000 నంబరు దాకా వాటర్ పేపరుతో తడిగా రుద్దండి.

డకోటాలో అసలు పరీక్ష కిటికీలు. విమానం ఒడలి పక్క భాగాలు రెండూ అతికేలోపే వాటిని లోపలి నుంచి బిగించాలి. వదులుగా ఉన్న కిటికీ రంగులన్నీ అయ్యాక టప్పున లోపలికి రాలిందంటే బయటికి తీయడానికి దారే ఉండదు. వీటికి ఫెవిక్విక్ లాంటి జిగురు ముట్టుకోవద్దు. అది గట్టిపడేదే గాలిలోని తేమ వల్ల. మన వాతావరణంలో మరీ త్వరగా పట్టుకుంటుంది, దాని ఆవిరి కిటికీ మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. చెక్క పనికి వాడే తెల్ల ఫెవికాల్ పంటిపుల్లతో అంచుకు రాస్తే చాలు, ఆరాక కనబడదు.

మిగతా అతుకులకు పల్చటి ప్లాస్టిక్ సిమెంటు. రెండు ముక్కలూ కలిపి పట్టుకుని సందు మీద బ్రష్షు కొస ఆనిస్తే జిగురు దానంతటదే లోపలికి పాకుతుంది. అప్పుడు వేలు సందు మీద ఉందా, వేలిముద్ర శాశ్వతం. చిన్నగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి గీతలా పైకి ఉబుకుతుంది. అదే మంచి అతుకు. దాన్ని కనీసం రెండు రోజులు ఆగాకే రుద్దాలి. తొందరపడితే లోపలి ద్రావకం ఆరేకొద్దీ ప్లాస్టిక్ కుంగి, రంగు వేశాక గీత మళ్లీ కనిపిస్తుంది. రెక్కల మధ్యభాగం చదునుగా ఉంటుంది, బయటి భాగాలు మాత్రం పైకి లేస్తాయి. అద్దపు పలక మీద నిలిపి రెండు కొసల ఎత్తూ స్కేలుతో కొలవండి. మిల్లీమీటరు తేడా ఉన్నా ఎదురుగా చూస్తే విమానం వంకరగా కనబడుతుంది. జిగురు పట్టేదాకా అగ్గిపెట్టెలు ఆసరా పెట్టండి.

బూడిదరంగు ప్రైమరు, అంటే రంగు పట్టడానికి వేసే తొలి పూత, పూశాక అసలు రంగు. అమెరికా సైన్యపు సి-47కి పైన ఆలివ్ ఆకుపచ్చ, కింద బూడిదరంగు. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌లో రంగు పాల చిక్కదనానికి పలచబరచి, 15 నుంచి 20 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిలో కొట్టండి. గాలినిచ్చే కంప్రెసర్‌కు, ఆ గాలిలోని నీటిని పట్టే ట్రాప్ తప్పనిసరి. పావుగంటకోసారి దాన్ని ఖాళీ చేయకపోతే రెక్క మీద నీటిచుక్కలు ఉమ్ముతుంది. పని ముగిశాక ట్యాంకు కింది మర కూడా విప్పి నీళ్లు వదలండి. లాకర్ రంగు పాలలా తెల్లబారిందంటే, ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిచి దాని మీద తేమ పట్టించిందన్నమాట. రుద్దేయకండి. పొడి వేళలో రిటార్డరు (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిసిన థిన్నరును పల్చగా పొగలా కొడితే చాలాసార్లు సర్దుకుంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న ఫ్రాన్స్ తీరంలో జరిగిన నార్మండీ దాడి నాటి నలుపు తెలుపు పట్టీలు వేయాలనుకుంటే కొలత ఇది. రెండింజన్ల విమానాలకు ఒక్కో పట్టీ 24 అంగుళాలు, 1/72లో ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. మూడు తెలుపు, రెండు నలుపు. ముందు మొత్తం 42 మిల్లీమీటర్ల మేర తెలుపు, ఆరాక తెల్ల పట్టీలకు మాస్కింగ్ టేపు వేసి నలుపు, ఆపైన ఐదింటినీ కప్పి ఆకుపచ్చ. ముదురు రంగు మీద తెలుపు ఎక్కించబోతే నాలుగైదు పూతలైనా చాలవు. అసలు విమానాలకే దాడికి ముందు హడావిడిగా పూశారు గనుక అంచు కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

పంకాలకు కొసల్లో ముందు పసుపు పూసి, 1.4 మిల్లీమీటర్ల టేపు చుట్టి నలుపు కొట్టాలి. బిగించేటప్పుడు పంకా రెక్కల ఉబ్బు వైపు ముందుకు ఉండాలి. తిరగేసి పెట్టిన పంకాలు ప్రదర్శనల్లోనూ కనిపిస్తాయి, తెలిసినవాళ్ల కన్ను ముందు అక్కడే పడుతుంది.

విమానం మీది గుర్తులు, అంకెలు అచ్చువేసిన డెకాల్ పొర ఆత్రేయపురం పూతరేకు లాంటిది, గట్టిగా పట్టుకుంటే చిరుగుతుంది. అతికించే చోట నిగనిగలాడే వార్నిష్ తప్పనిసరి. గరుకు రంగు మీద వేస్తే పొర కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. గోరువెచ్చని నీళ్లలో అరనిమిషం ముంచి పక్కన పెట్టండి. నిమిషం తరువాత కాగితం మీద దానంతటదే జారుతుంటే బ్రష్షుతో తోసి దించి, దూదితో మధ్య నుంచి అంచులకు నీరు నొక్కేయండి. ఆపైన ఒక రోజు ఆగి మెరుపు లేని వార్నిష్. వాడని డెకాల్ షీట్లు వానాకాలంలో ఒకదానికొకటి అంటుకుపోతాయి, జిప్ కవరులో తేమ పీల్చే సిలికాజెల్ గుళికలతో ఉంచండి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టొద్దు, పిండి దుమ్మూ పురుగూ కలిసి వస్తాయి.

తడి రంగు మీద రైసుమిల్లు నుసి వాలకుండా మూతపెట్టిన పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో ఆరబెట్టాలి. రోహిణీ కార్తె ఎండకు డాబా మీద వదిలితే సన్నటి రెక్క అంచులు వంగిపోతాయి. పూర్తయిన డకోటాను గాజుపెట్టెలో ఉంచేటప్పుడు వాన నీరు ఊరే బయటి గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. లోపలి సిలికాజెల్ నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగిన రోజున ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి, చల్లారాక మళ్లీ లోపల పెట్టండి.