కలంకారీ గుడ్డ మీద కపిల బావి, గొర్రు గీయడం

శ్రీకాళహస్తి కలంకారీలో ఎక్కువగా కనిపించేవి రామాయణ ఘట్టాలు. నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ చిన్న గళ్లు, కింద తెలుగు అక్షరాల పట్టీ. కపిల (ఎద్దులతో తోలు సంచి లాగించి నీళ్లు తోడే బావి), గొర్రు (విత్తనాలు వేసే పనిముట్టు) లాంటి సేద్యపు పనిముట్లకు కూడా ఈ అమరిక బాగా కుదురుతుంది. పట్టీలో పద్యానికి బదులు పేర్లు రాయండి: మేడి (నాగలి పిడి), కర్రు (నాగలి ఇనుప మొన), కాడి, జడ్డిగం (గొర్రు మీద విత్తనాలు పోసే గిన్నె).

మీటరు గాడా గుడ్డను (ముతక నూలు గుడ్డ) రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గంజి పోయేదాకా ఉతికి ఆరేయండి. అర లీటరు చిక్కటి పచ్చి గేదెపాలలో 50 గ్రాముల కరక్కాయ పొడి కలిపి, అందులో గుడ్డను పావుగంట ముంచండి. సమంగా పిండి ఎండలో ఆరేయండి, మధ్యమధ్య తిరగేస్తూ ఉండాలి. లేకపోతే పాలు ఒక పక్కకే దిగి మరకలు పడతాయి. గీత పాకకుండా ఆపేది పాలలోని కొవ్వే కాబట్టి నీళ్లపాలు పనికిరావు.

నల్ల రంగును కసిం అంటారు. లీటరు నీళ్లలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, తాటిబెల్లం, చెరకుబెల్లం తలా 100 గ్రాములు వేసి, కుండ మూతికి గుడ్డ కట్టి 15 నుంచి 20 రోజులు ఉంచి వడకట్టండి. కరక్కాయ గుడ్డ మీద చుక్క వేస్తే చూస్తుండగానే నల్లబడాలి. నల్లబడకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి.

వెదురు పుల్లను సన్నగా చెక్కి, మొనకు అంగుళం పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగిస్తే కలం తయారు. ఉన్నిని వేళ్లతో నొక్కే కొద్దీ రంగు దిగుతుంది. ముందు చింతబొగ్గుతో గీసుకోండి, ఎందుకంటే కసిం గీత చెరగదు.

తప్పులు ఎక్కువగా దొర్లేది కపిల దగ్గరే. నిండిన తోలు సంచి పైకి వచ్చేటప్పుడు ఎద్దులు బావికి దూరంగా, పల్లానికి నడుస్తాయి. చాలా బొమ్మల్లో వాటిని ఎత్తుకు ఎక్కిస్తారు, అలాగైతే నీళ్లు రావు! తాళ్లు రెండుండాలి. లావు మోకు సంచికి, పై గిలక మీదుగా. సన్న తాడు తొండానికి (సంచి కింద నీళ్లు వదిలే తోలు గొట్టం), కింది దిమ్మె మీదుగా. గొర్రుకు ఎన్ని పళ్లుంటే జడ్డిగానికి అన్ని రంధ్రాలు, అన్ని వెదురు గొట్టాలు గీయాలి. విత్తనం పోసే మనిషి చెయ్యి జడ్డిగం మీదే ఉండాలి.

కసిం గీతలు ఒకరోజు ఆరాక గుడ్డను పారే నీళ్లలో జాడించండి. ఎరుపు కావలసిన చోట (తలగుడ్డ, చీర అంచు) పటిక నీళ్లు పూయండి. మర్నాడు మళ్లీ పారే నీళ్లలోనే కడిగి, మంజిష్ఠతో (ఎర్ర రంగునిచ్చే వేరు) ఉడికించాలి. బకెట్లో ముంచితే ఊడిన పటిక తెల్లటి చోట్లకూ అంటుకుని, ఉడికించినప్పుడు అక్కడా ఎరుపెక్కుతుంది.

కసిం మరీ ఘాటుగా ఉంటే కొన్నేళ్లకు ఇనుము గుడ్డను తినేస్తుంది, గీత వెంబడే చిరుగుతుంది. అక్షరాల పట్టీకి కాస్త పలచటి కసిమే వాడండి.